15 తీసి 16 వేస్తే పెరిగేదేమిటి, తగ్గేదేమిటి?

క్లుప్తంగా: కారుకు వేరే సైజు రిమ్ములు, టైర్లు వేసేటప్పుడు మొత్తం చక్రం ఎత్తు మారకూడదన్నది మొదటి షరతు మాత్రమే. బోల్టుల వలయం, నడిమి రంధ్రం, నట్ల రకం, ఆఫ్‌సెట్, బరువు సూచిక కూడా కుదరాలి. వీటిలో చాలావరకు షాపులో చూడగానే తెలిసేవి కావు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జాతీయ రహదారి దిగితే ఎదురయ్యే రోడ్లకు టైరు పక్కగోడ ఎత్తే పెద్ద రక్షణ. అందువల్ల అదే కారు ఖరీదైన రకానికి తయారీ సంస్థ ఇచ్చే సైజును దాటకపోవడమే ఇక్కడ చాలామందికి సరైన మార్పు.

సిరిమానోత్సవానికి ముందు విజయనగరంలోనూ, సంక్రాంతికి ముందు శ్రీకాకుళంలోనూ కార్లు కొత్త హంగులు దిద్దుకుంటాయి. ఆ హంగుల్లో అల్లాయ్ చక్రాలది మొదటి వరుస. తక్కువ రకం కారు కొన్నవారు 14 అంగుళాల ఇనుప రిమ్ములు తీసి 15 వేయించాలనుకుంటారు. 15 ఉన్నవారు 16 అడుగుతారు, కొందరి చూపు 17 మీద ఉంటుంది. దుకాణంలో సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: ‘పడుతుంది’. ఆ మాట చాలాసార్లు నిజమే. రిమ్ము బోల్టుల మీద కూర్చుంటుంది, నట్లు బిగుస్తాయి, కారు కదులుతుంది. కానీ పట్టడం వేరు, సరిపోవడం వేరు. పట్టిందో లేదో షాపులోనే తేలిపోతుంది. సరిపోయిందో లేదో అయిదుగురు ఎక్కి, డిక్కీ నింపి, గోతులున్న దారిలో మలుపు తిప్పినప్పుడు తేలుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఇప్పుడున్న గందరగోళానికి మూలం.

టైరు మీది అంకెలు

185/65 ఆర్15 88హెచ్ అని ఉన్న టైరును తీసుకుందాం. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనేది మిల్లీమీటర్లు కాదు, శాతం. వెడల్పులో 65 శాతం ఎంతో అంతే పక్కగోడ ఎత్తు, అంటే 120 మి.మీ. పైచిలుకు. ఆర్ అంటే రేడియల్ అనే నిర్మాణ రకం, 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 88 బరువు సూచిక, హెచ్ వేగ సూచిక.

చాలామంది పొరబడేది ఆ శాతం దగ్గరే. 65 మార్చకుండా వెడల్పు ఒక్కటే పెంచితే పక్కగోడ కూడా దానంతట అదే పెరుగుతుంది. 185/65 బదులు 195/65 వేస్తే టైరు 10 మి.మీ. వెడల్పు కావడమే కాదు, మొత్తం చక్రం 13 మి.మీ. ఎత్తు పెరుగుతుంది. 205/65 వేస్తే 26 మి.మీ. పెరుగుతుంది. ‘కొంచెం వెడల్పు టైరే కదా’ అని వేయించిన తర్వాత స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్ లైనరుకు రాసుకోవడానికి తరచుగా కారణం ఇదే.

మొత్తం ఎత్తు లెక్క కష్టమేమీ కాదు. రిమ్ము అంగుళాలను 25.4తో గుణించి, పక్కగోడ ఎత్తును రెండుసార్లు కలపాలి, ఎందుకంటే గోడ పైనా ఉంది, కిందా ఉంది. 185/65 ఆర్15కు 381 మి.మీ.కు 240.5 కలిపితే 621.5 మి.మీ. ఈ చక్రం ఒక చుట్టు తిరిగితే 1.95 మీటర్లు సాగుతుంది. అంటే లెక్క ప్రకారం కిలోమీటరుకు దాదాపు 512 చుట్లు.

కారు తన వేగాన్ని రోడ్డును చూసి చెప్పదు, ఈ చుట్లను లెక్కపెట్టి చెబుతుంది. 205/65 ఆర్15 వేస్తే కిలోమీటరుకు 492 చుట్లే చాలు. మీటరుకు ఆ సంగతి తెలియదు. మునుపు మీటరు సరిగ్గా చూపిస్తూ ఉంటే, ఇప్పుడు 80 చూపించినప్పుడు కారు 83 దాటి పోతూ ఉంటుంది. మీటరు నిజమైన వేగం కంటే తక్కువ చూపకూడదన్నది ప్రమాణాల్లోని మూలసూత్రం. అందుకే తయారీ సంస్థలు కాస్త ఎక్కువ చూపేలా మీటర్లను అమరుస్తాయి. పెద్ద చక్రం ఆ కాస్త వెసులుబాటునూ మింగేస్తుంది. చక్రం మొత్తం ఎత్తు 3 శాతానికి మించి మారకూడదని వాడుకలో ఉన్న హద్దు వెనుక కారణం ఇదే. చక్రం పెద్దదయ్యే వైపు 2 శాతం లోపు ఆగడం ఇంకా మేలు.

అల్లాయ్ పెద్దదైతే కారు ఎత్తు పెరుగుతుందనే నమ్మకం కూడా బలంగా ఉంది. అలా జరగదు. ఎత్తు పెరగాలంటే మొత్తం చక్రం పెరగాలి. పెరిగినా అందులో సగమే నేల నుంచి ఎడంగా మారుతుంది, ఎందుకంటే ఇరుసు చక్రం మధ్యలో ఉంటుంది. చక్రాన్ని 13 మి.మీ. పెంచితే కారు లేచేది ఆరున్నర మి.మీ. మాత్రమే. స్పీడ్ బ్రేకరుకు అడుగు తగిలే కారుకు అది మందు కాదు.

కంపెనీ తానే చేసి చూపిన మార్పు

మొత్తం ఎత్తు మారకుండా రిమ్ము పెంచడం ఎలాగో మారుతి స్విఫ్టే చక్కగా చూపుతుంది. 2018లో వచ్చిన తరంలో తక్కువ రకాలకు 165/80 ఆర్14 టైర్లు, పై రకాలకు 185/65 ఆర్15 టైర్లు వచ్చాయి. మొదటిదాని ఎత్తు 619.6 మి.మీ., రెండోదానిది 621.5. రిమ్ము ఒక అంగుళం పెరిగినా చక్రం పెరిగింది రెండు మిల్లీమీటర్ల లోపే. రిమ్ము తీసుకున్న చోటును టైరు పక్కగోడ వదులుకుంది.

ఈ వరుసను ఇంకా ముందుకు తీసుకుపోవచ్చు. 195/55 ఆర్16 ఎత్తు 620.9 మి.మీ. 205/45 ఆర్17 ఎత్తు 616.3. కాగితం మీద రెండూ హద్దు లోపలే ఉన్నాయి, మీటరు దాదాపు సరిగానే చూపుతుంది. మరి నష్టం ఎక్కడ? పక్కగోడ దగ్గర. 14లో 132 మి.మీ. ఉన్న గోడ 15లో 120కి, 16లో 107కి, 17లో 92కి దిగింది. రోడ్డుకూ రిమ్ముకూ మధ్య ఉన్న గాలిదిండు 40 మి.మీ. పలచబడింది.

గోతి అంచు దగ్గర జరిగేది

నాటుబండి చక్రానికి ఇనుప పట్టా వేస్తారు, గాలి ఉండదు. అందుకే దెబ్బంతా ఇరుసుకూ, బండిలో కూర్చున్నవారి నడుముకూ చేరుతుంది. గాలి టైరు వచ్చింది ఆ దెబ్బను మధ్యలోనే మింగడానికి. గోతి అంచుకు చక్రం తగిలినప్పుడు ఆ చోట పక్కగోడ లోపలికి నొక్కుకుంటుంది. నొక్కుకోవడానికి చోటున్నంత వరకు ప్రమాదం లేదు. చోటు అయిపోయాక రోడ్డు అంచుకూ రిమ్ము అంచుకూ మధ్య టైరు రోకటి కింద గింజలా నలుగుతుంది. రిమ్ము అంచే పదిహేడు మి.మీ. వరకు పైకి లేచి ఉంటుంది కనుక, 92 మి.మీ. గోడలో నిజంగా దెబ్బ మింగే భాగం ఇంకా తక్కువ.

అలా నలిగినప్పుడు తెగేది రబ్బరు కాదు, లోపలి దారాలు. గాలి ఒత్తిడిని మోసేది ఆ దారాలే. అవి తెగిన చోట రబ్బరు ఒక్కటే మిగిలి, కొన్ని రోజులకు పక్కగోడ మీద బుడగ లేస్తుంది. పక్కగోడ బుడగకు అతుకు లేదు, మరమ్మతు లేదు, టైరు మార్చాల్సిందే. ఇక రిమ్ము సంగతి. ఇనుపది వంగుతుంది, చాలాసార్లు సుత్తితో సరిచేయవచ్చు. పోత పోసిన అల్లాయ్ కొంతవరకు వంగి, ఆ తర్వాత పగులుతుంది. పగిలిన అల్లాయ్‌కి వెల్డింగు పెడితే గాలి ఆగవచ్చు గానీ, ఆ వేడికి చుట్టుపక్కల లోహం బలం తగ్గుతుంది. పాత అల్లాయ్‌లు కొనేవారు లోపలి వైపు తిప్పి చూడాలి. వెల్డింగు గీత, కొత్తగా వేసిన రంగు దాగేది అక్కడే.

ఈ జిల్లాల్లో ఇది పుస్తకాల సంగతి కాదు. ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా భోగాపురం వరకు 16వ నంబరు జాతీయ రహదారి మీద 17 అంగుళాల రిమ్ము అయినా హాయిగా దొర్లుతుంది. కానీ ఇక్కడ కారు ఉన్నవారి ప్రయాణం రహదారి మీదే ముగియదు. రాజాం, పాలకొండ, పార్వతీపురం వైపు లోపలి దారులుంటాయి. అంచు కోసుకుపోయిన ఊరి రోడ్డులో ఎదురుగా లారీ వస్తే ఒక వైపు చక్రాలు కిందికి దించక తప్పదు. మళ్లీ పైకి ఎక్కించేటప్పుడు తారు అంచు కత్తిలా పక్కగోడకు తగులుతుంది. తుఫాను వానల్లో నీరు నిండిన గోతి లోతు ఎవరికీ కనిపించదు. ఇలాంటి చోట ఒక్కో అంగుళం రిమ్ము కోసం వదులుకునే పన్నెండు, పదిహేను మి.మీ. గోడ చిన్న విషయం కాదు.

వానకు మరో లెక్క కూడా ఉంది. వెడల్పు టైరు పొడి రోడ్డు మీద మలుపుల్లో గట్టిగా పట్టుకుంటుంది. అదే టైరు నిలిచిన నీటి మీద ఎక్కువ నీటిని పక్కకు నెట్టాలి. గాడులు అరిగి ఉంటే నెట్టలేక నీటి మీద తేలే ప్రమాదం ముందే వస్తుంది. కార్లకు గాడి లోతు 1.6 మి.మీ. కంటే తగ్గకూడదని నిబంధనలు చెబుతున్నాయి. వెడల్పు పెంచినవారు ఆ హద్దు వరకు ఆగకుండా ముందే మార్చుకోవడం క్షేమం.

కంటికి కనిపించని కొలతలు

రిమ్ము కారుకు అమరాలంటే మొదట బోల్టుల సంఖ్య, అవి నిలిచిన వలయం వ్యాసం కలవాలి. షాపుల్లో దీన్ని పీసీడీ అంటారు. స్విఫ్ట్‌కు నాలుగు బోల్టులు, 100 మి.మీ. వలయం. బ్రెజాకు, క్రెటాకు అయిదు బోల్టులు, 114.3 మి.మీ. ఇంత తేడా ఉన్నప్పుడు ఎవరూ పొరబడరు. చిక్కంతా దగ్గర దగ్గర కొలతలతోనే. ఫియట్ లీనియాకు నాలుగు బోల్టులు, 98 మి.మీ. వలయం. 100 మి.మీ. రిమ్మును దానికి ఆనించి బోల్టులు లాగి బిగిస్తే కూర్చున్నట్టే ఉంటుంది. నిజానికి ప్రతి బోల్టూ ఒక పక్కకు వంగే ఒత్తిడిలో ఉంటుంది. రెండు మిల్లీమీటర్లే అని సర్దుకుపోవడం ఇక్కడ ప్రాణాంతకం.

రెండోది నడిమి రంధ్రం. చక్రాన్ని బిగించే కారు భాగాన్ని హబ్బు అంటారు. దాని మధ్యలో ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి భాగం రిమ్ము రంధ్రంలో బిగుతుగా కూర్చోవాలి. స్విఫ్ట్‌కు ఇది 54.1 మి.మీ. బయట అమ్మే అల్లాయ్‌లు పలు కార్లకు సరిపోయేలా పెద్ద రంధ్రంతో వస్తాయి. ఆ ఖాళీని నింపడానికి తగిన రింగు వేయాలి. వేయకపోతే చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చున్నా స్టీరింగు వణుకుతుంది. బ్యాలెన్సింగు ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు, ఎందుకంటే యంత్రం మీద చక్రం సరిగ్గానే ఉంటుంది, తప్పు కారు మీద కూర్చున్న తీరులో ఉంది. ఈ కారణం తెలియక అలైన్‌మెంటు, సస్పెన్షను పనుల మీద డబ్బు పోసేవారు తక్కువేమీ కాదు.

నట్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. కొన్ని రిమ్ములకు కోను ఆకారపు నట్లు, కొన్నింటికి బంతి ఆకారపువి కావాలి. కోను నట్టును బంతి గుంతలో బిగిస్తే ఆనేది సన్నని గీత మేరకే, కాలక్రమంలో వదులవుతుంది. మరలు కూడా వేరువేరు. మారుతి కార్లకు 12 మి.మీ. బోల్టు మీద 1.25 మి.మీ. మర, హ్యుందాయ్ కార్లకు అదే లావు బోల్టు మీద 1.5 మి.మీ. మర. కంటికి రెండూ ఒకలాగే ఉంటాయి. చేత్తో మూడు నాలుగు చుట్లు తేలిగ్గా ఎక్కని నట్టును గన్నుతో బిగించనివ్వకూడదు.

ఇక ఆఫ్‌సెట్. అన్నింటికంటే తక్కువ అర్థమయ్యేదీ, ఎక్కువ చెడుపు చేసేదీ ఇదే. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్య గీత గీసి, ఆ గీత నుంచి హబ్బుకు ఆనే ముఖం ఎంత దూరంలో ఉందో కొలిస్తే అది ఆఫ్‌సెట్. రిమ్ము మీద ఇ.టి. అని, పక్కన మిల్లీమీటర్ల అంకె ఉంటుంది. అంకె పెద్దదైతే చక్రం కారు లోపలికి, చిన్నదైతే బయటికి జరుగుతుంది.

ఒక ఉదాహరణ లెక్క చూస్తే బోధపడుతుంది. 6 అంగుళాల వెడల్పు, ఇ.టి. 45 ఉన్న రిమ్ము తీసి 7 అంగుళాల వెడల్పు, ఇ.టి. 38 ఉన్నది వేశారనుకుందాం. వెడల్పు అంగుళం పెరిగింది కాబట్టి అటూ ఇటూ 12.7 మి.మీ. చొప్పున పంచుకోవాలి. ఆఫ్‌సెట్ 7 తగ్గడం వల్ల చక్రం మొత్తం 7 మి.మీ. బయటికి జరుగుతుంది. ఫలితంగా రిమ్ము అంచు లోపలి వైపు దాదాపు 6 మి.మీ. సస్పెన్షను స్తంభానికి దగ్గరవుతుంది, బయటి వైపు దాదాపు 20 మి.మీ. మడ్‌గార్డును సమీపిస్తుంది. ఒంటరిగా నడిపినప్పుడు ఏమీ తగలదు. వెనుక సీటు నిండి స్ప్రింగులు దిగినప్పుడు మడ్‌గార్డు అంచు టైరు భుజాన్ని గీస్తుంది.

గీయకపోయినా భారం మారకుండా పోదు. చక్రం బయటికి జరిగితే బేరింగు మీద పడే బరువు దాని మధ్య నుంచి దూరమవుతుంది. గట్టి బ్రేకు వేసినప్పుడు, ఒక చక్రం గోతిలో పడినప్పుడు స్టీరింగు చేతిలోంచి లాగుతుంది. మధ్యలో బిళ్లలు, అంటే స్పేసర్లు పెట్టి సర్దడం కూడా ఇదే పని చేస్తుంది, పైగా నట్టు పట్టే మర పొడవు తగ్గిస్తుంది. తయారీ సంస్థ ఇచ్చిన ఆఫ్‌సెట్‌కు వీలైనంత దగ్గరగా ఉండే రిమ్మును వెతకడానికి రెండు మూడు వారాలు ఆగాల్సి వచ్చినా ఆగడమే సరైనది.

రిమ్ము వెడల్పుకూ టైరు వెడల్పుకూ పొత్తు కుదరడం కూడా ముఖ్యమే. 185/65 ఆర్15కు 5 నుంచి 6.5 అంగుళాల రిమ్ము, 195/55 ఆర్16కు 5.5 నుంచి 7 అంగుళాల రిమ్ము అనుమతించినవి. ఈ హద్దులు టైరు తయారీ సంస్థల పట్టికల్లో ఉంటాయి.

బరువు, గాలి, ఘాట్ రోడ్డు

టైరు మీది 88 అంటే నిర్ణీత గాలి ఒత్తిడిలో ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని అర్థం. 87కు 545 కిలోలు, 84కు 500. పక్కగోడ తగ్గేకొద్దీ లోపల గాలి పట్టే చోటు తగ్గుతుంది. బరువును మోసేది నిజానికి గాలే కనుక మోసే శక్తీ తగ్గుతుంది. మామూలు 205/45 ఆర్17 టైరు సూచిక 84. అంటే 15 నుంచి 17కు వెళ్లినవారు టైరుకు 60 కిలోల చొప్పున వదులుకున్నట్టే. అదే సైజులో ఎక్స్ఎల్ అని ముద్ర ఉన్న బలమైన రకం దొరుకుతుంది. అయితే అది పూర్తి బరువు మోయాలంటే గాలి కూడా ఎక్కువ కావాలి. ఎక్కువ గాలి, తక్కువ గోడ కలిస్తే గోతి దెబ్బ మరింత నేరుగా లోపలికి చేరుతుంది. అసలు టైరు సూచిక కంటే తక్కువది వేయకూడదన్న నియమానికి మినహాయింపు ఉండకూడదు. ఇంటిల్లిపాదీ ఎక్కి, ఊరి నుంచి బియ్యం బస్తా వేసుకొచ్చే ఏడు సీట్ల బండికి ఇది మరీ ముఖ్యం.

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా ఒడిశాకు ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి ఈ తేడాలన్నిటినీ ఒకేచోట బయటపెడుతుంది. మొత్తం చక్రం 4 శాతం పెరిగితే ప్రతి గేరూ అంత మేర బరువెక్కినట్టే. చిన్న ఇంజను కారు సాలూరు దాటిన ఘాట్‌లో ఒక గేరు ముందే దిగాల్సి వస్తుంది. దిగేటప్పుడు పెద్ద చక్రాన్ని ఆపడానికి అవే బ్రేకులు ఎక్కువ శ్రమపడాలి. శృంగవరపుకోట నుంచి అరకు ఎక్కేవారికీ ఇదే వర్తిస్తుంది. ఎత్తు మారకపోయినా, బరువైన అల్లాయ్ వేస్తే స్ప్రింగుల కింద ఊగే బరువు పెరిగి, గతుకుల్లో చక్రం నేలను అంటిపెట్టుకోవడం తగ్గుతుంది. అల్లాయ్ అంటే తేలిక అన్నది అన్నివేళలా నిజం కాదు. 14 ఇనుప రిమ్ము కంటే 16 అల్లాయ్, వెడల్పు టైరు కలిపి బరువెక్కువ కావచ్చు. మైలేజీ తగ్గిందని తర్వాత బాధపడే బదులు ముందే రెండింటినీ తూకం వేయించి చూడవచ్చు.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీ సంస్థ మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నియమాన్ని గట్టిగా చెప్పింది. అదే నమూనా కారు పై రకానికి సంస్థ ఇచ్చిన సైజు వేసుకున్నవారి చేతిలో కనీసం సంస్థ ఆమోదం అనే ఆధారం ఉంటుంది. మడ్‌గార్డు దాటి పొడుచుకొచ్చిన చక్రానికి ఆ ఆధారం లేదు. కారుతో రాని అల్లాయ్‌లను బీమా పాలసీలో అదనపు సామగ్రిగా చూపించకపోతే దెబ్బతిన్నప్పుడు, దొంగిలించినప్పుడు పరిహారం ఆశించలేం. బిల్లు దాచుకోవాలి.

కొనేటప్పుడు టైరుపై ఐ.ఎస్. 15633 ప్రమాణంతో ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందా అని చూడాలి. తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. రిమ్ముకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 16192. వెనుక వైపు సైజు, ఇ.టి., మోయగల బరువు ఏవీ పోతలో లేని రిమ్ము ఎంత చౌకైనా వద్దు.

షాపు వదిలేముందు

డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద సంస్థ అంటించిన పట్టీ ఉంటుంది. ఆ కారుకు తగిన టైరు సైజులు, గాలి ఒత్తిడి అందులోనే రాసి ఉంటాయి. దుకాణంలో మాట మొదలుపెట్టాల్సింది ఆ పట్టీ నుంచి.

నాలుగూ కొనేముందు ముందు వైపు ఒకటి, వెనుక ఒకటి బిగించి చూపమని అడగడంలో తప్పు లేదు. లైనరు లోపలి అంచుకూ మడ్‌గార్డు అంచుకూ సుద్ద రాయాలి. కారు నిండా మనుషులను కూర్చోబెట్టి, స్టీరింగు రెండు వైపులా చివరి వరకు తిప్పి, ముందుకూ వెనక్కూ, స్పీడ్ బ్రేకరు మీదుగానూ నడపాలి. సుద్ద చెరిగిన చోట టైరు తగిలినట్టే. ఒక్కో చక్రానికి ఒక్కో సైజు వేసే ఆలోచన మానుకోవాలి. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ నాలుగు చక్రాల వేగాలను పోల్చి పనిచేస్తుంది కనుక ఆ తేడాను జారుడుగా పొరబడవచ్చు. 50 నుంచి 100 కి.మీ. తిరిగాక నట్లను కారు పుస్తకంలో చెప్పిన బిగువుకు మళ్లీ సరిచూడాలి.

చివరగా స్టెప్నీ. చాలామంది నాలుగు అల్లాయ్‌లు కొని, స్టెప్నీగా పాత ఇనుప చక్రాన్నే ఉంచుతారు. మొత్తం ఎత్తు కలిస్తే దగ్గరి దూరానికి అది పనికొస్తుంది. కానీ కొత్త అల్లాయ్‌తో వచ్చిన నట్లు ఆ ఇనుప రిమ్ముకు సరిగ్గా ఆనకపోవచ్చు. పాత నట్లు షాపులోనే మిగిలిపోతే ఆ సంగతి రాత్రి పూట ఘాట్‌లో జాకీ ఎత్తాకే బయటపడుతుంది. పాత నట్లన్నీ ఒక సంచిలో కట్టించుకుని స్టెప్నీ పక్కనే పెట్టుకోవాలి.